పేరున్న వైపు

గుంటూరు కొత్తపేటలో రాత్రి తొమ్మిదిన్నర.
డాక్టర్ల బోర్డుల మీద లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే
మా వీధి మాత్రం మేలుకునే ఉంటుంది.
ముప్పై మందుల షాపులు, ముప్పై కత్తెరలు.

నా కత్తెర పిడికి నీలం టేపు చుట్టి ఉంటుంది.
పదిహేడేళ్ళుగా దాంతోనే అట్టలు కత్తిరిస్తున్నాను.
అట్ట మొత్తం కొనేవాళ్ళు తక్కువ.
"రెండు చాలు", "ఈ పూటకియ్యి", "కూలొచ్చాక మిగతాయి".
కత్తిరించడానికీ ఒక పద్ధతుంది, ఓనరు నేర్పాడు:
పేరూ గడువు తేదీ ఉన్న వైపు షాపులో ఉండాలి,
ఉత్త వెండి వైపు కొన్నవాళ్ళతో పోవాలి.
మిగిలిన సరుకు అమ్ముడుపోవాలి కదా.
అలా ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి
పేరు లేని బిళ్ళలు పంపానో,
కొంగు ముడుల్లో, పోపుల డబ్బాల్లో,
దేవుడి పటాల వెనక.

మస్తానమ్మ వచ్చింది.
చుట్టుగుంట అవతల కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది.
ఆవిడ కౌంటరు మీద చెయ్యి పెడితే చాలు
నా వెనక ఫిరోజు తుమ్ముతాడు.
"మోకాళ్ళు ఊడిపోతన్నయ్యయ్యా,
మొన్న మా పక్కింటామెకిచ్చావే, ఎర్ర బిళ్ళ, అయ్యి రెండియ్యి."
ఆవిడ వెనక పది చేతులు చీటీలు ఊపుతున్నాయి.

అడగాల్సింది నాలుగు మాటలు.
ఈ వీధిలో నాలుగు మాటలకి టైముండదు.

ఒకసారి నేనూ అడగలేదు.
లారీ ఆఫీసు గుమస్తా ఏసురత్నం,
నడుం పట్టేసిందని పది ఎర్ర బిళ్ళలు పట్టుకెళ్ళాడు.
వారానికి వాళ్ళావిడ వచ్చి చెప్పింది,
విరేచనం తారులా నల్లగా అయిందని,
పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేలోపే సొమ్మసిల్లాడని.
చొక్కా జేబులో ఇంకో చీటీ ఉందట.
ఆయన చూపించలేదు. నేను చూపించమనలేదు.
తర్వాత ఆవిడా రాలేదు.
ఖాతాలో ఇరవై రెండు రూపాయలు ఇంకా ఆయన పేరునే ఉన్నాయి.

"ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?"
"ఏం లేవు."
కాసేపాగి, "గుండె బిళ్ళొకటి.
అది మందేంది, రోజూ ఏసుకునేదేగా."

రవిక లోపల్నించి గుడ్డసంచీ తీసింది.
సంచీలోంచి అట్ట ముక్క.
తిప్పి చూశాను. లైటు కింద పెట్టి చూశాను.
వెండి. ఒక్క అక్షరం లేదు.
అంచు చూస్తే నా కత్తిరింపులాగే ఉంది.

"ఎందుకిచ్చారమ్మా ఇది?"
"గుండెలో ఇనప తలుపు బిగించారంటయ్యా.
రాత్రిళ్ళు పడుకుంటే గడియారంలా టిక్కుటిక్కుమంటది.
ఆకుకూర ఎప్పుడూ ఒకేలా తినమన్నారు,
ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా వద్దంట.
గోంగూరక్కూడా లెక్కంటే ఏం బతుకు చెప్పు?"

ఇక పేరు చదవక్కర్లేదు.
నెత్తురు గడ్డకట్టకుండా చూసే బిళ్ళ అది.
ఎర్ర బిళ్ళేమో కడుపు గోడని గీరుతుంది.
రెండూ కలిశాయంటే
లోపలెక్కడో కుళాయి కట్టడం మరిచిపోయినట్టే.

ఇదంతా చెప్పాను. వెనకాల ఎవరో "తొందరగా" అన్నారు.
మస్తానమ్మ నా మొహంలోకి చూసి అంది,
"నువ్వియ్యకపోతే పక్కోడిస్తాడు."

నిజమే. ఇంకా ఇరవై తొమ్మిది కత్తెరలున్నాయి.

జ్వరం బిళ్ళలే రెండిచ్చాను, నొప్పికి అవే చాలని.
నల్లగా పోయినా, చిగుళ్ళు కారినా ఆసుపత్రికి పరుగెత్తమన్నాను.
కారం అంటిన పది నోటు పెట్టి మెట్లు దిగింది.
పక్క షాపు ముందు ఆగింది.
చీటీలు ఊపే చేతుల్ని వదిలేసి నేనూ చూస్తూ నిలబడ్డాను.
చెప్పులో రాయి దులుపుకుని
ముందుకెళ్ళిపోయింది.

ఆ రాత్రి నుంచీ అటువైపు నుంచి కత్తిరిస్తున్నాను.
పేరున్న ముక్క కొన్నవాళ్ళకి,
పేరు లేని ముక్క నాకు.
సొరుగు నిండుతోంది. "ఇయ్యెవడు కొంటాడ్రా" అంటాడు ఓనరు,
నెలాఖరున వాటి డబ్బు నా జీతంలో కోస్తాడు.
ఎంత కోశాడో
ఏసురత్నం ఖాతా కిందే రాసుకుంటున్నాను.